ఆ తాళంచెవి ఎవరి చేతికి?



ఈసారి అమెరికా పాత క్రైమ్ సినిమాల గురించి. 1940, 50ల్లో వచ్చిన ఆ చీకటి సినిమాలకు 1946లో ఫ్రెంచి విమర్శకులు ‘ఫిల్మ్ నోయిర్’ అని పేరు పెట్టారు. నోయిర్ అంటే నలుపు. పేరులో నలుపుంది సరే, తెర మీద నల్లవాళ్లు ఏ పనుల్లో ఉన్నారు?

‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944) చూడండి. హత్యకు బయల్దేరిన ఇన్సూరెన్స్ ఏజెంటు, ఆ రాత్రి తాను ఇంట్లోనే ఉన్నానని నమ్మించడానికి గ్యారేజీలో కార్లు కడిగే నల్లజాతి మనిషి చార్లీని వాడుకుంటాడు. చార్లీ సాక్ష్యానికి పనికొచ్చాడు, కథకు పనికిరాలేదు.

అయినా ఈ సినిమాలు చూడమంటాను. డబ్బు, పోలీసు, కుటుంబం దేన్నీ ఇవి పవిత్రం చెయ్యవు. కానీ హీరో పతనాన్ని ‘విధి’ మీదికి నెట్టే విమర్శకులతోనే నా పేచీ.

‘ఆడ్స్ అగైనెస్ట్ టుమారో’ (1959) ఆ విధికి అసలు పేరు చెప్పింది. హ్యారీ బెలఫాంటే తన సొంత కంపెనీ తరఫున తీసి, తానే నటించాడు. రాసింది అబ్రహాం పొలాన్‌స్కీ. బ్లాక్‌లిస్టులో ఉన్నందున, నల్లజాతి రచయిత జాన్ కిల్లెన్స్ పేరు వేశారు.

ముగ్గురు కలిసి బ్యాంకు దోపిడీకి దిగుతారు. బ్యాంకులోకి కాఫీ తెచ్చేది ఒక నల్లజాతి వెయిటరు. అతని స్థానంలో బెలఫాంటే వెళ్లాలి. తెల్లవాళ్లు వెయిటరు మొహం చూడరన్న నమ్మకం మీదే పథకమంతా నడుస్తుంది. చివరికి కారు తాళంచెవి బెలఫాంటే దగ్గర ఉండాల్సిన సమయంలో, తెల్లవాడైన స్లేటర్ నల్లవాడిని నమ్మనంటాడు. తాళంచెవి మూడోవాడికి ఇస్తాడు. వాడు పోలీసు తూటాకు పడిపోతాడు. కారుంది, తాళంచెవి లేదు. ముగ్గురూ చస్తారు.

ఇది విధా? కాదు. దోపిడీలో వాటా ఇవ్వడానికి ఒప్పుకున్నవాడు కూడా తాళంచెవి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఆ తేడా మనకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ఆఖర్న ఆ ఇద్దరూ ఆయిల్ ట్యాంకుల మీద కాలిపోతారు. ఏ శవం ఎవరిదో గుర్తుపట్టలేరు. చచ్చాక అందరూ సమానమే అనే నీతిని ఇందులోంచి తీసేవాళ్లకు మన ఊళ్లలో విడివిడిగా ఉన్న శ్మశానాలు చూపించాలి. నాకు ఈ సినిమా చెప్పింది వేరు: బూడిదలో సమానత్వం మనకొద్దు. బతికుండగా తాళంచెవి చేతికి రావాలి.

జై భీమ్.