ఇల్లే తొలి గణితశాల

అంకెలను వల్లె వేయడం వేరు, సంఖ్యను గ్రహించడం వేరు. నాలుగేళ్ళ పిల్లవాడు ఒకటి నుంచి వంద వరకు గడగడ అప్పజెప్పితే తల్లిదండ్రులు పొంగిపోతారు. అదే పిల్లవాణ్ణి డబ్బాలోంచి ఆరు చింతగింజలు తీసి ఇమ్మంటే ఒక్కోసారి గుప్పెడు తెచ్చి ఇస్తాడు. అంకెల పేర్లు నోటికి వచ్చాయి గాని, 'ఆరు' అంటే ఎంతో మనసుకు అందలేదు. ఆ భావాన్ని అందించగల తొలి పాఠశాల ఇల్లే.

గణితమంటే పలకమీది కూడికలు, తీసివేతలు మాత్రమే కాదు. పోల్చడం, వేరుచేయడం, వరుసలో అమర్చడం, కొలవడం, ఆకారాలను గుర్తించడం దానికి పునాదులు. ఈ పనులు జరగని ఇల్లు లేదు. ఐదుగురు భోజనానికి కూర్చుంటే మనిషికొక కంచం, కంచానికొక గ్లాసు పెట్టడంలో సంఖ్యాజ్ఞానం ఉంది. ఉతికిన బట్టలను ఎవరివి వారికి వేరుచేయడంలో వర్గీకరణ ఉంది. ఒక రొట్టెను ఇద్దరికి సమంగా పంచడంలో భిన్నం ఉంది. ముగ్గు వేసే తల్లి పక్కన కూర్చున్న పాప చుక్కలను లెక్కిస్తూ, రెండువైపులా ఒకే తీరుగా సాగే గీతలలో సౌష్ఠవాన్ని చూస్తుంది.

తెలుగువారి పాత కొలతలలోనూ, ఆటలలోనూ ఈ విద్య ఇమిడి ఉంది. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఈ పాత్రలతో గింజలు కొలిచే బిడ్డకు రెట్టింపు, సగం అనే భావాలు చేతికే తెలుస్తాయి. వామనగుంతల ఆటలో 14 గుంతలలో గుంతకొక గింజ చొప్పున వేసుకుంటూ పోయేవారు లెక్కను ముందుగానే ఊహించవలసి ఉంటుంది.

స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే (1896-1980) ఒక చక్కని విషయాన్ని గమనించాడు. వెడల్పాటి గ్లాసులోని నీటిని పొడవైన సన్నని గ్లాసులో పోస్తే, నీరు పెరిగిందని చిన్నపిల్లలు భావిస్తారు. ఇటువంటి భ్రమ బట్టీపట్టడం వల్ల పోదు. స్వయంగా ఒంపి, నింపి, పేర్చి చూసే అనుభవం ఆలోచన ఎదగడానికి తోడ్పడుతుంది. అమెరికా, బ్రిటన్, కెనడా దేశాల పిల్లల వివరాలతో 2007లో వెలువడిన ఒక పరిశోధన, బడిలో చేరేనాటి గణిత పరిజ్ఞానానికీ తరువాతి చదువుకూ గట్టి సంబంధం ఉందని తెలిపింది. భారతదేశపు 2020 జాతీయ విద్యావిధానం కూడా ప్రాథమిక స్థాయిలో చదవడం, రాయడంతోపాటు సంఖ్యాజ్ఞానానికి పెద్దపీట వేసింది.

తీరిక లేదనో, తమకు చదువు రాదనో కొందరు తల్లిదండ్రులు వెనుకాడుతారు. కాని ఇందుకు వేరే సమయం అక్కరలేదు. చేస్తున్న పనిలో బిడ్డను కలుపుకొంటే చాలు. 'ఏది ఎక్కువ? ఇంకా ఎన్ని కావాలి?' అని అడగడానికి పట్టా అవసరం లేదు. సంతలో కూరగాయలు అమ్ముతూ నోటితోనే లెక్కకట్టే తల్లి ఈ విద్యలో ఏ ఉపాధ్యాయురాలికీ తీసిపోదు.

అయితే వంటిల్లు పరీక్షగది కాకూడదు. తప్పు చెప్పిన బిడ్డను కసిరితే నేర్చుకొనేది లెక్క కాదు, భయం. ఎనిమిది గింజలను తొమ్మిది అన్నప్పుడు, ఒక్కొక్కదాన్నే ముట్టుకొని మళ్ళీ లెక్కపెట్టమంటే తప్పును తానే దిద్దుకొనే అవకాశం కలుగుతుంది. గింజలను నోట్లోనో, ముక్కులోనో పెట్టుకోకుండా పెద్దలు దగ్గరుండి కనిపెట్టాలి.

పసితనంలో నాటుకొన్న భయం అంత తేలికగా వదలదు. కళాశాలలో చేరేనాటికి, ఇష్టమైన చదువును వదులుకొని లెక్కలు లేని చదువును వెతుక్కొనేవారు ఎందరో ఉన్నారు. ఆ భయాన్ని మొలకలోనే తుంచే శక్తి తల్లిదండ్రులతోపాటు ఇంట్లోని అన్నలకు, అక్కలకు కూడా ఉంది. రోజుకు పది నిమిషాలు తమ్ముడితోనో, చెల్లెలితోనో గింజలు లెక్కపెట్టే విద్యార్థి, ఆ పసివారికి భయం లేని చదువును కానుకగా ఇచ్చినవాడవుతాడు.