ఫీజు కట్టించుకుంటే చదువు, జీతం అడిగితే శిక్షణ, సాయం అడిగితే ఉద్యోగమా?

విదేశీ విద్య గురించి మన సముదాయంలో జరిగే చర్చ అంతా సీటు, వీసా, మొదటి సెమిస్టర్ ఫీజు అనే మూడు మాటల చుట్టూనే తిరుగుతోంది. నాలుగో మాట ఒకటుంది. అది ఇంటర్న్‌షిప్. పట్టాకు విలువ తెచ్చేదీ, ఉద్యోగపు గడప దాటించేదీ, కుటుంబం చేసిన అప్పు తీర్చుకునే దారి చూపేదీ అదే. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ప్రభుత్వ పథకాలు నోరు మెదపవు. మన ట్రస్టులు, సంఘాలు కూడా మాట్లాడవు. ఇల్లు కుదువబెట్టి, ఇల్లాలి నగలు అమ్మి బిడ్డను పంపిన తల్లిదండ్రులే ఈ మౌనానికి మూల్యం చెల్లిస్తున్నారు.

మేము చెప్పదలచుకున్నది సూటిగా ఇది. విశ్వవిద్యాలయం తన పాఠ్యక్రమంలో భాగంగా చేయించే పనిని చదువుగా లెక్కగట్టి ఫీజు తీసుకుంటున్నప్పుడు, విద్యార్థికి సాయం చేస్తామని చెప్పుకునే ప్రభుత్వం కూడా దానిని చదువుగానే లెక్కగట్టాలి. అలా లెక్కగట్టనంత కాలం విదేశీ విద్యా పథకం పేదవాడిని గుమ్మం దాకా తీసుకెళ్లి అక్కడే వదిలేసే పథకంగా మిగిలిపోతుంది.

క్రెడిట్ అనే మాట చాటున

ముందుగా ఈ ఏర్పాటు ఎలా నడుస్తుందో మన కుటుంబాలు అర్థం చేసుకోవాలి. విద్యార్థి ఒక సంస్థలో కొన్ని నెలలు పనిచేస్తాడు. ఆ పని గంటలను విశ్వవిద్యాలయం క్రెడిట్లుగా మార్చి పట్టాలో కలుపుతుంది. ఈ పద్ధతి మన దేశంలోకీ వచ్చింది. 2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన పాఠ్యక్రమ విధానం ప్రకారం 30 గంటల ఇంటర్న్‌షిప్ ఒక క్రెడిట్‌తో సమానం. విదేశాలలో ఇది ఎంతోకాలంగా ఉంది. అక్కడ క్రెడిట్‌కు ఇంత అని ఫీజు ఉండే విశ్వవిద్యాలయాలు అనేకం. అంటే తాను చేసే పనికి విద్యార్థే డబ్బు కట్టాలి.

ఆ పనికి జీతం వస్తుందా? ఇక్కడే అసలు మెలిక ఉంది. బ్రిటన్‌లో ఉన్నత విద్యా కోర్సులో భాగంగా ఏడాదిలోపు చేసే ఇంటర్న్‌షిప్‌కు కనీస వేతన హక్కు వర్తించదు. జర్మనీలో 2015 నుంచి కనీస వేతన చట్టం అమలులో ఉంది. కాని కోర్సు నిబంధనల ప్రకారం తప్పనిసరిగా చేయవలసిన ఇంటర్న్‌షిప్‌ను ఆ చట్టం మినహాయించింది. అమెరికాలో ఒక సినిమా సంస్థపై ఇంటర్న్‌లు వేసిన కేసులో 2015లో అప్పీలు న్యాయస్థానం ఏడు అంశాల పరీక్షను ముందుకు తెచ్చింది. ఆ పని చదువుతో, క్రెడిట్లతో ముడిపడి ఉందా అనేది అందులో ఒక ముఖ్యాంశం. 2018లో అక్కడి కార్మిక శాఖ అదే పరీక్షను స్వీకరించింది. మూడు దేశాల చట్టాలలోనూ క్రెడిట్ అనే మాట జీతం ఎగ్గొట్టడానికి వీలు కల్పిస్తోంది.

నేర్చుకునే వాడికి జీతమెందుకని అడిగేవారున్నారు. తండ్రి ఇంటి అద్దె భరించగలిగిన వాడికి ఆ ప్రశ్న బాగానే వినిపిస్తుంది. చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో గుమాస్తా కొడుక్కి, కర్నూలులో దర్జీ కూతురికి ఆరు నెలల జీతం లేని పని అంటే ఆరు నెలల అద్దె, తిండి, బస్సు ఛార్జీలు. పనిచేసినవాడి వేతనాన్ని ఆలస్యం చేయరాదన్న ప్రవక్త బోధ మన ఇళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు. ఆలస్యం చేయడమే తప్పైన చోట అసలు ఇవ్వకపోవడాన్ని ఏమనాలి?

మన గొంతుకు కావలసిన చదువులే ఖరీదైనవి

కంప్యూటర్ కోర్సు తీసుకుంటే ఇంటర్న్‌షిప్‌కు మంచి జీతమే వస్తుంది కదా అని కొందరు సలహా ఇస్తారు. నిజమే, ఆ రంగంలో జీతం వస్తుంది. కాని ఒక సముదాయపు పిల్లలందరూ ఒకే గుమ్మం ముందు వరుస కట్టాలా? సోషల్ వర్క్, ప్రజారోగ్యం, మానవ హక్కుల చట్టం, పత్రికారచన చదివినవారు మనకు అక్కరలేదా? సచార్ కమిటీ 2006లో దేశ ముస్లింల స్థితిని లెక్కలతో చెప్పింది. తెలంగాణలో సుధీర్ కమిషన్ 2016లో అదే పని చేసింది. ఆ నివేదికలను చదివి, కొత్త లెక్కలు తీసి, ప్రభుత్వాన్ని నిలదీయగల నిపుణులు ఈ చదువుల నుంచే రావాలి. జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు ఎక్కువగా ఉన్నదీ ఈ చదువులలోనే.

అమెరికాలో సోషల్ వర్క్ మాస్టర్స్‌నే చూడండి. అక్కడి గుర్తింపు నిబంధనల ప్రకారం కనీసం 900 గంటల క్షేత్రశిక్షణ పూర్తిచేయాలి. వారానికి 20 గంటల చొప్పున వేసుకున్నా అది 45 వారాల పని. చాలా చోట్ల దానికి జీతం ఉండదు. ఎఫ్‌-1 వీసా మీద వెళ్లిన విద్యార్థికి తరగతులు నడిచే కాలంలో క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలు దాటకూడదు. తరగతులు, జీతం లేని 20 గంటలు, జీతమున్న 20 గంటలు కలిపి ఒక యువతి మోయాలి. మోయలేక ఆ చదువును వదిలేస్తే ఆసక్తి లేదని మనమే తీర్పు చెబుతాం.

అవసరం చుట్టూ అల్లిన ఉచ్చులు

చట్టబద్ధమైన దారి ఇరుకైన కొద్దీ పక్కదారులు పుడతాయి. అమెరికాలో చదువుతూనే బయట పనిచేయడానికి కరిక్యులర్ ప్రాక్టికల్ ట్రైనింగ్ అనే అనుమతి ఉంది. దీనినే సీపీటీ అంటారు. ఆ పని పాఠ్యక్రమంలో విడదీయరాని భాగమై ఉండాలి. సాధారణంగా ఒక పూర్తి విద్యా సంవత్సరం గడిచాకే ఇస్తారు. కోర్సు మొదలుకాగానే పని తప్పనిసరైన కొన్ని పీజీ చదువులకు మాత్రమే మినహాయింపు ఉంది. పన్నెండు నెలలు పూర్తికాల సీపీటీ వాడుకున్నవారికి ఆ స్థాయి చదువు తరువాత దొరకవలసిన ఓపీటీ, అంటే ఏడాదిపాటు పనిచేసే అవకాశం పోతుంది.

ఈ నియమాలు చెప్పేవారు లేక, చేరిన మొదటి రోజే పని అనుమతి అన్న ప్రకటనలు నమ్మి ఎందరో తెలుగు పిల్లలు చిక్కుకున్నారు. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీపై 2011 జనవరిలో దాడులు జరిగాయి. అక్కడి విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలో ఎక్కువమంది మన తెలుగువారు. కొందరి కాళ్లకు రేడియో పరికరాలు తగిలించారు. ఆ సంస్థ అధిపతికి 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. ఆ తరువాతైనా పాఠం నేర్చుకోలేదు. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీకి పాఠాలు లేవు, అధ్యాపకులు లేరు. ఇమిగ్రేషన్ అధికారులే వల పన్ని పెట్టిన బూటకపు సంస్థ అది. సుమారు 600 మంది అందులో చేరారు. 2019 ఆరంభంలో జరిగిన తొలి అరెస్టులలో 130 మంది విద్యార్థులుంటే 129 మంది భారతీయులే. వారిని రప్పించిన ఎర పని అనుమతి.

తెలిసి చేరినవారు ఉండవచ్చు, తెలియక చేరినవారు ఉండవచ్చు. కాని ప్రజాధనంతో పిల్లలను విదేశాలకు పంపే ప్రభుత్వానికి, ఇంటర్న్‌షిప్ నియమాలను వారి భాషలో, తెలుగులోనో ఉర్దూలోనో, ముందే వివరించే బాధ్యత లేదా? అమీర్‌పేటలోని ఏజెంటు చెప్పిందే వేదమైతే ఇక సంక్షేమ శాఖ ఎందుకు?

పేరు చూసి మూసుకునే తలుపులు

డబ్బు సమస్య అన్ని పేద కుటుంబాలదీ. మన పిల్లలకు దానిపైన మరొకటుంది. మన దేశంలో సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు ఒకే తీరువి, పేర్లు మాత్రం వేరు. హిందూ అగ్రవర్ణ పేరుతో పోలిస్తే ముస్లిం పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడో వంతే. జర్మనీలో డోరిస్ వైక్‌సెల్‌బామర్ 2016లో వెలువరించిన అధ్యయనం ఇంకా సూటిగా ఉంది. ఒకే అర్హతలు, ఒకే యువతి ఫొటో. జర్మన్ పేరుకు 18.8 శాతం పిలుపులు, తుర్కీ పేరుకు 13.5 శాతం, అదే తుర్కీ పేరుతో తలపై హిజాబ్ ఉన్న ఫొటోకు 4.2 శాతం.

ఇవి ఉద్యోగాల లెక్కలు. ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చదివేదీ అలాంటి కళ్లే. పైగా ఇక్కడ పరిచయాల బలం కూడా పనిచేస్తుంది. బీసీ-ఈ కింద నాలుగు శాతం రిజర్వేషన్ మన పిల్లవాడికి ఇంజనీరింగ్ సీటు ఇవ్వగలదు. కంపెనీలో ఇంటర్న్‌షిప్ ఇప్పించలేదు. బాబాయి మేనేజరుగా ఉన్న కుర్రాడికి ఒక్క ఫోనుతో దొరికేది మన కుర్రాడికి నూరు దరఖాస్తులతోనూ దొరకదు. దానిని ప్రతిభ అంటే మేము ఒప్పుకోం.

పథకాలు ఆగిపోయే చోటు

తెలంగాణలో మైనారిటీ విద్యార్థుల కోసం 2015లో ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం మొదలైంది. ఐదు లక్షల లోపు వార్షికాదాయం ఉన్న కుటుంబాలకు 20 లక్షల రూపాయల దాకా సాయం. పథకం మంచిది, ఎందరినో నిలబెట్టింది. కాని దాని లెక్క విద్యార్థి విమానం దిగడంతో మొదలై మొదటి సెమిస్టర్ ఫలితాలతో ముగుస్తుంది. ఆ రెండు మెట్ల దగ్గర రెండు విడతలు ఇస్తారు. క్షేత్రశిక్షణ భారమంతా మీదపడేది సాధారణంగా ఆ తరువాత. అప్పటికి చేతిలో సొమ్ము ఉండదు. రెండో విడత ఆలస్యమైతే చెప్పనే అక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడు విదేశీ విద్యా పథకం పేరు మారింది, నిబంధనలు మారాయి. ఇంటర్న్‌షిప్ ఊసు మాత్రం ఏ నిబంధనలోనూ చోటు సంపాదించుకోలేదు.

ఇక కేంద్రం సంగతి. 2013-14లో మొదలైన పఢో పర్‌దేశ్ పథకం మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యా రుణంపై వడ్డీని చదువు కాలంలోనే కాక, చదువు ముగిశాక ఏడాది వరకో, ఉద్యోగం వచ్చిన ఆరు నెలల వరకో భరించేది. పని వెతుక్కునే కాలం కూడా విద్యార్థికి భారమేనని గుర్తించిన పథకం అది. 2022-23 నుంచి దానిని ఎత్తివేశారు. వడ్డీకి మనస్సాక్షి ఒప్పని కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. అందుకే రుణంపై రాయితీకన్నా నేరుగా ఇచ్చే ఉపకార వేతనమే మనకు న్యాయమని మేము భావిస్తాం. కాని ఉన్నది తీసేసి, దాని చోట ఏమీ పెట్టకపోవడం ఏ న్యాయం?

మేము కోరుతున్నవి

ఒకటి, విదేశీ విద్యా పథకాలలో తప్పనిసరి ఇంటర్న్‌షిప్ కాలానికి ప్రత్యేక భృతి ఉండాలి. విశ్వవిద్యాలయం ఇచ్చే ధ్రువపత్రం ఆధారంగా, జీతం లేని చోట పూర్తిగా, అరకొర జీతమున్న చోట లోటు మేరకు చెల్లించాలి. రెండు, ఎంపికైన ప్రతి విద్యార్థికీ బయలుదేరే ముందే ఆ దేశపు పని నియమాలు తెలుగు, ఉర్దూ భాషలలో వివరించాలి. ఇంటర్న్‌షిప్ పేరుతో వచ్చే పత్రాల నిజానిజాలు చూసిపెట్టే విభాగం మైనారిటీ సంక్షేమ శాఖలో ఉండాలి. మూడు, పఢో పర్‌దేశ్ ఎత్తివేతపై పార్లమెంటులో మన రాష్ట్రాల సభ్యులు నోరు విప్పాలి.

ప్రభుత్వాన్ని అడిగినంత మాత్రాన మన బాధ్యత తీరదు. రంజాన్‌లో జకాత్, సదఖా సేకరించే మన ట్రస్టులు ఫీజు రసీదుతో పాటు ఇంటర్న్‌షిప్ కాలపు అద్దె రసీదునూ చూడాలి. హ్యూస్టన్‌లో, లండన్‌లో, బెర్లిన్‌లో స్థిరపడిన మన డాక్టర్లు, ఇంజనీర్లు, వకీళ్లు ఏడాదికొకసారి చెక్కు పంపి ఊరుకోకుండా తమ సంస్థలో ఒక్క పిల్లవాడికి, ఒక్క ఆడబిడ్డకు పరిచయ వాక్యం రాయాలి. ఆ ఒక్క వాక్యం పదివేల రూపాయల కన్నా విలువైనది. చదువుకు పంపిన కూతురిని వేరే నగరంలో ఇంటర్న్‌షిప్ అనగానే వెనక్కి పిలిచే తల్లిదండ్రులకూ ఒక మాట. ఆమె క్షేమం గురించి మీ భయం సబబైనదే. దానికి పరిష్కారం ఆ నగరంలోని మన కుటుంబాల ద్వారా నమ్మకమైన వసతి చూడడం. పట్టాకు అరడుగు దూరంలో చదువు ఆపించడం పరిష్కారం కాదు.

వచ్చే ఏడాది దరఖాస్తులు మొదలయ్యేలోపు ప్రతి జిల్లా మైనారిటీ సంక్షేమ అధికారికి ఈ కోరికలు వినతిపత్రంగా అందాలి. నిజామాబాద్ నుంచి కడప దాకా ప్రతి విద్యార్థి సంఘం దానిపై సంతకం చేయాలి. చదువులో సగం మాత్రమే దానం చేసి పూర్తిగా ఇచ్చామని చెప్పుకోవద్దని పాలకులకు చెప్పడం మన హక్కు. ఆ మాట మనమే చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి.