బతకనేర్చినోడు ఎవరు?



'బతకనేర్చినోడు' అనే మాట మీరందరూ వినే ఉంటారు. మా శాంతిపురంలో టీ అంగడి దగ్గర దాన్ని మెచ్చుకోలుగా ఎవరూ వాడరు. అదే అంగట్లో, అదే నోటితో, ఇంకొకాయన గురించి 'భలే ముందుచూపు సామీ ఆయనకి' అంటారు. ఇద్దరూ చేసింది ఒకటే. సందు దొరికింది, దూరారు. పేర్లు అక్కర్లేదు, ఈ రెండు మాటలు చెప్పండి చాలు. ఎవరి ఇల్లు ఊళ్లో ఉందో, ఎవరి ఇల్లు దళితవాడలో ఉందో నేను చెప్పేస్తా.

ఎయిర్‌పోర్టు మాట మొదలైన కాడినుంచి మా వైపు భూమి గురించి మాట్లాడని మనిషి లేడు. రోడ్డు పక్కన నాలుగెకరాలు ముందే కొని పెట్టుకున్నాయన దూరదృష్టి ఉన్నాయన. మనవాళ్ల చేతిలో ఉండేది డీకేటీ పట్టా. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మకూడదు, కొనకూడదు. ఆస్పత్రి ఖర్చుకో, కూతురి పెళ్లికో తెల్లకాగితం మీద వేలిముద్ర వేసిన మనిషిని 'తాగి తగలేసుకున్నాడు' అంటారు. ఆ కాగితం రాయించుకున్న పెద్దమనిషి చేసిందీ చట్టవిరుద్ధమే కదా, ఆయన్ని ఒక్క మాట అనరు. 2023లో చట్టం సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములకి పూర్తి హక్కు అన్నారు. ఇప్పుడు మనవాడు నా భూమి నాకు తేల్చండని తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగితే దానికి పేరు 'దురాశ'.

క్రియాపదాలు కూడా చూడండి. వాళ్లు అవకాశాన్ని 'అందిపుచ్చుకుంటారు'. మనకి 'ఇస్తారు'. దామోదరం సంజీవయ్య గారు 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు, దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. లా చదివిన మనిషి, అంతకుముందే మద్రాసు రాష్ట్రంలోనూ ఆంధ్రలోనూ మంత్రిగా చేసిన మనిషి. అయినా ఇప్పటికీ 'కాంగ్రెస్ ముఠాల గొడవలో ఆయనకి ఇచ్చారు' అనే అంటుంటారు. ముఠాల గొడవ నిజమే. అట్లాంటి గొడవల్లోనే కుర్చీ ఎక్కిన మిగతావాళ్ల గురించి ఆ మాట అనరేం? వాళ్లది 'రాజకీయ చతురత'.

బాబాసాహెబ్‌నే వదల్లేదు. 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా చేరితే, క్విట్ ఇండియా ఏడాదిలో తెల్లవాళ్ల పక్కన కూర్చున్నాడని తిట్టారు. 1997లో అరుణ్ శౌరి దాని మీద పుస్తకమే రాశాడు. ఆ కుర్చీలో కూర్చున్న మరుసటి ఏడాదే కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డ్ కులాలకి 8.33 శాతం వాటా సాధించారాయన. 1951లో హిందూ కోడ్ బిల్లు ఆగిపోతే మంత్రి పదవి వదిలేసి బయటికొచ్చారు. అవకాశవాది కుర్చీ వదులుతాడా?

ఇంతవరకు లైకులు కొట్టినవాళ్లకి ఇక్కడినుంచి కోపం రావచ్చు. 'అవకాశవాది' టీ అంగట్లో పుట్టిన మాట కాదు, పార్టీ ఆఫీసుల్లో, తీర్మానాల్లో పెరిగిన మాట. దాన్ని మన సంఘాల్లోకి తెచ్చుకుని మన పిల్లల మీదే వాడుతున్నాం. కుప్పంలో రైలెక్కి బెంగళూరుకి కూలికి పోయే తల్లి కొడుకు, ద్రావిడ విశ్వవిద్యాలయంలో పీజీ చేసి గ్రూప్-2కి కూర్చుంటే 'కెరీరిస్టు, ఉద్యమాన్ని వదిలేసి పోయాడు' అంటారు. అనేదెవరు? నెలనెలా జీతం వచ్చే అన్న. అట్లాంటి మీటింగుల్లో నేను కూర్చున్నాను. ఆ మాట పడ్డాక పిల్లోడు మళ్లీ మీటింగుకి రాడు. చాలాసార్లు పరీక్షకీ పోడు. ఆడపిల్ల అయితే ఇంకా ఘోరం. 'ఆ పాప చాలా స్పీడు' అని రెండు ముక్కల్లో ఆమె ఆశనీ, నడవడికనీ కలిపి తేల్చేస్తారు.

అవకాశవాదం లేదని నేననడం లేదు. అట్రాసిటీ కేసులో ఎఫ్‌ఐఆర్ రోజు బాధితుడి ఇంటికొచ్చి ఫోటో దిగి, రాజీ రోజు అవతలివాళ్ల కారులో దిగే నాయకుడున్నాడే, వాణ్ణి అనండి ఆ మాట. నేనూ గొంతు కలుపుతా. వాడు అమ్ముకునేది ఇంకొకరి నెత్తురు. ఫారం నింపిన పిల్లోడు ఎవర్ని అమ్మాడు?

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమని సామెత. ఊళ్లోవాళ్ల పిల్లలకి అది పెద్దలు చెప్పే బుద్ధి, మన పిల్లలు పాటిస్తే కక్కుర్తి. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్ ఇచ్చినప్పుడు భీమ్‌రావ్‌కి 22 ఏళ్లు. తండ్రి పోయి ఆర్నెల్లు కూడా కాకముందే, ఇంటి భారమంతా వెనక పెట్టుకుని న్యూయార్క్‌కి ఓడెక్కాడు. కొలంబియాలో చదివాడు. మన వాట్సాప్ గ్రూపులు అప్పుడు ఉండుంటే ఆ కుర్రాడికి ఏం పేరు పెట్టేవాళ్లో.

బతకడం మనకి ఎవరూ నేర్పలేదు. బడి బయట కూర్చుని, బావి దగ్గర నిలబడి, చూసి నేర్చుకున్నాం. ఆ మాటని తిట్టుగా మోసుకుని తిరగడం ఆపండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ.

గ్రూప్స్‌కి గానీ, విదేశీ చదువు స్కాలర్‌షిప్‌కి గానీ అప్లై చేయాలనుకుని 'వాళ్లేమనుకుంటారో' అని ఆగిపోయినవాళ్లు మా మండలంలో ఉన్నారని నాకు తెలుసు. ఆదివారం పొద్దున నేను శాంతిపురంలోనే ఉంటా. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, మార్కుల జాబితాలు తెచ్చుకోండి. ఆదాయం సర్టిఫికెట్ పాతదైతే శనివారం లోపే సచివాలయంలో కొత్తదానికి పెట్టుకోండి. జిరాక్స్ ఖర్చు నాది.