డిటెక్టివ్ నవలకూ ఒక అర కావాలి

కల్హేర్ లాంటి మండల కేంద్రాల్లో పిల్లలు పుస్తకం ముట్టడం లేదని వాపోయేవాళ్లు, తెలుగునాట చదివే అలవాటు ఎలా పెరిగిందో గుర్తు చేసుకోవాలి. దానికి వారపత్రికల సీరియళ్లు పెద్ద దన్ను. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు పాఠకులు వచ్చే సంచిక కోసం కాచుకునేవారు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు సృష్టించిన గూఢచారి షాడో అద్దె పుస్తకాల షాపులకు గిరాకీ తెచ్చారు. వారానికింత అని చదివించే క్రమశిక్షణ ఉత్కంఠలోనే ఉంది. గ్రంథాలయాలు దాన్ని వాడుకోవాలి.

ఈ నవలలు చౌకబారు సాహిత్యమని పెద్దలు కొట్టిపారేయవచ్చు. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన ఆరుద్ర డిటెక్టివ్ నవలలూ రాశారు; ఆయనకు లేని చిన్నచూపు మనకెందుకు? ‘తులసిదళం’ లాంటి చేతబడి కథలు మూఢనమ్మకాలు పెంచుతాయన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. అందుకు మందు నిషేధం కాదు, ఎంపిక. మంచి అపరాధ పరిశోధన నవల పుకారును నమ్మదు, సాక్ష్యం అడుగుతుంది. వాట్సాప్ వదంతుల కాలంలో ఆ చదువు అవసరం. ఫోన్ ముందు పుస్తకం నిలవదనేవారూ ఉన్నారు. కానీ వెబ్ సిరీస్‌లు బతుకుతున్నది కూడా ఈ ఉత్కంఠ మీదే. పైగా ఇంటి పన్నుతో పాటు ప్రజలు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. కాబట్టి పోటీ పరీక్షల పుస్తకాల పక్కన ఈ నవలలకో అర, వారానికి కొన్ని అధ్యాయాలు, చివరి అధ్యాయానికి ముందు దోషి ఎవరన్న చర్చ ఏర్పాటు చేయమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.