తంగేడును తవ్వకండి, గింజ దాచుకోండి



బతుకమ్మ పండుగ దగ్గర పడ్డదంటే హైదరాబాద్ పాతబస్తీలోని మా సంతోష్‌నగర్ చౌరస్తాలో సాగర్ రోడ్డు వైపు నుంచి తంగేడు, గునుగు మూటలు దిగుతుంటాయి. మీరు విత్తు వేయలేదు, ఎరువు వేయలేదు. చెల్క ఒడ్డున దానంతటది పూసిన పువ్వును పట్నంలో పైసలిచ్చి కొంటున్నారు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక తంగేడు రాష్ట్ర పుష్పం కూడా అయింది. పేరు పెరిగింది గానీ ఒడ్డు మీద చెట్టు తగ్గుతున్నది. ఒకపక్క గడ్డిమందు, మరోపక్క బీళ్లన్నీ ప్లాట్లు.

ఇప్పుడు పువ్వు చాలదని, చెట్టునే వేళ్లతో తవ్వి తెమ్మని అడిగేవాళ్లు వస్తున్నారు. నాలుగు పైసలకు ఆశపడి గడ్డపార పట్టే ముందు ఒక్క మాట వినండి.

మా ఇంటి ముందు పెడదామని నేను కూడా ఓసారి నడుమెత్తు తంగేడు చెట్టును తవ్వి తెచ్చాను. మూరెడు లోతు పోయేసరికి తల్లివేరు పుటుక్కున తెగింది. రోజూ బిందెడు నీళ్లు పోశాను. పది రోజుల్లో ఆకు రాలింది. నెల తిరిగేసరికి కట్టె మిగిలింది.

ఎందుకిలా? తంగేడు రాళ్ల నేలలో బతికే చెట్టు. తడి కోసం తల్లివేరు లోతుకు పోతుంది. నీళ్లు పీల్చే సన్నవేళ్లు ఆ కొసల్లో ఉంటాయి. మనం తవ్వితే అవి మట్టిలోనే ఉండిపోతాయి. పైన ఆకులు మాత్రం నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి. ఇక ఎన్ని నీళ్లు పోసినా పీల్చే వేరే లేదు, ఉన్న వేరు కుళ్లుతుంది.

ఒడ్డు చదును చేస్తున్నారు, రోడ్డు పడుతున్నది, తీయక తప్పదు అంటారా? అప్పుడు పెద్ద చెట్టు జోలికి పోకండి. జానెడు మొక్కలను ఎంచుకోండి. మృగశిర దాటి వానలు పడ్డాక, మబ్బు పట్టిన సాయంత్రం తీయండి. ముందురోజే నేలను తడపండి. మొక్క చుట్టూ జానెడు దూరం వదిలి లోతుగా తవ్వి, మన్నుగడ్డ విడిపోకుండా తడి గోనెలో చుట్టండి. సగం ఆకు దూసేయండి. ముందున్న లోతులోనే నాటి మట్టిని గట్టిగా అదమండి. గుంతలో యూరియా వేయొద్దు. పది రోజులు కొమ్మలతో నీడ కట్టండి. రోజు విడిచి రోజు కొద్దిగా నీళ్లు చాలు.

ఇంత చేసినా అన్నీ బతకవు. అందుకే గింజ మేలంటాను. పండుగ పోయాక కాయలు ఎండి గలగలమంటాయి. అప్పుడు కోసి గింజ తీసి దాచుకోండి. పైపొర గట్టిది కాబట్టి ఇసుకతో బాగా రుద్ది, రాత్రంతా నానబెట్టి, తొలి వానలకు ఒడ్డు మీదే రెండేసి గింజలు పెట్టండి. చోటు మారని వేరుకు తెగే బాధ లేదు. మొక్కలు కావాలన్నవాళ్లకు సంచుల్లో పెంచి, చిన్నగా ఉండగానే అమ్మండి.

గునుగు సంగతి వేరు. అది గింజ రాల్చి ఆ ఏడే చచ్చిపోయే మొక్క. పూసినదాన్ని తవ్వి తీసుకుపోతే లాభం లేదు. ఎండిన కంకులు దులిపితే నల్లని సన్న గింజలు రాలుతాయి, అవి చల్లితే చాలు.

‘గునుగు చేన్లో కలుపు కదా’ అంటారు. నిజమే. చేన్లో ఉన్నది పూతకు ముందే పీకండి. బీడులో, రాళ్లగుట్ట పక్కన ఉన్నదాన్ని వదలండి. అక్కడ గడ్డిమందు కొట్టకండి. పువ్వు కోసేటప్పుడు కూడా కొమ్మలు విరవకుండా, కొన్ని పూలు గింజకు వదిలి కోయండి.

అమ్మిన చెట్టు ఒక్కసారే పైసలిస్తుంది, అదీ కొన్నవాళ్ల పెరట్లో ఎండిపోతుంది. ఒడ్డు మీదున్న చెట్టు ఏటా పూస్తుంది, మన ఆడపిల్లల బతుకమ్మకూ అందుతుంది. ఈ ఏడు గుప్పెడు గింజలు దాచండి. వచ్చే వానలకు మీ ఒడ్డు వెంట పెట్టండి.