ఇంటికి పంపే ముందు ఆ ఒక్క పరీక్ష



పదవీ విరమణ చేసి ఏళ్ళు గడిచినా రుద్రంగి పరిసర గ్రామాలవారు పసిపాపలను చూపించడానికి నా దగ్గరకు వస్తూనే ఉంటారు. "బిడ్డ పాలు తాగుకుంట తాగుకుంట ఆపుతున్నది సారూ, నొసలంత చెమట పడుతున్నది, దిష్టి తీసినా తగ్గలేదు" అని ఏ తల్లి చెప్పినా నా మనస్సు నాలుగు దశాబ్దాలు వెనక్కి పోతుంది.

అప్పుడు నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో యువ వైద్యాధికారిని. కాన్పైన రెండవ రోజున ఒక శిశువును పరీక్షించాను. ఒంటి రంగు బాగుంది, గుండె చప్పుడులో తేడా లేదు, పాలు తాగుతోంది. నిశ్చింతగా ఇంటికి పంపాను. ఆరవ రోజు తెల్లవారుజామున నాయనమ్మ ఆ బిడ్డను కొంగులో చుట్టుకొని తెచ్చింది. పెదవులు నల్లబడ్డాయి, పాదాలు చల్లబడ్డాయి. కరీంనగర్ చేరకముందే ప్రాణం పోయింది. "మొన్ననే బాగున్నదంటివి గద సారూ" అన్న ఆ ముసలమ్మ మాటకు ఆనాడు నా దగ్గర సమాధానం లేదు.

సమాధానం గుండె నిర్మాణంలో ఉన్నది. గర్భంలో శిశువు ఊపిరితిత్తులు శ్వాసకు ఉపయోగపడవు. వాటికి పోవలసిన రక్తంలో అధికభాగం డక్టస్ ఆర్టీరియోసస్ అనే చిన్న నాళం గుండా బృహద్ధమనిలోకి మళ్ళుతుంది. పుట్టిన కొద్ది రోజులలో ఈ నాళం సహజంగా మూసుకుపోతుంది. ఆరోగ్యవంతమైన గుండెకు దానితో ఇబ్బంది లేదు. కొన్ని తీవ్రమైన పుట్టుక లోపాలలో మాత్రం శిశువు ప్రాణం ఆ నాళం మీదనే ఆధారపడి ఉంటుంది. అది తెరచి ఉన్నంతవరకు బిడ్డ బాగానే కనిపిస్తుంది. మూసుకోగానే కుప్పకూలుతుంది. అప్పటికి తల్లీబిడ్డలు ఇంటికి చేరి ఉంటారు.

ఈ నాళం విలువను గ్రహించిన వైద్యురాలు హెలెన్ టాసిగ్. అటువంటి దారిని కృత్రిమంగా ఏర్పరచవచ్చునన్న ఆమె ఆలోచనకు వివియన్ థామస్ ప్రయోగశాలలో రూపమిచ్చారు. 1944 నవంబరు 29న బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆల్ఫ్రెడ్ బ్లలాక్ ఒక నీలి శిశువుకు ఆ శస్త్రచికిత్స చేశారు. 1970వ దశకంలో ప్రోస్టాగ్లాండిన్ మందుతో ఈ నాళాన్ని తెరచి ఉంచవచ్చునని తెలిసింది. అంటే, లోపాన్ని ముందుగా కనిపెడితే బిడ్డను శస్త్రచికిత్స వరకు కాపాడే మార్గం ఏర్పడింది.

ప్రతి వెయ్యి జననాలలో సుమారు ఎనిమిది, తొమ్మిది మంది గుండె లోపంతో పుడతారు. వీరిలో దాదాపు నాలుగోవంతు మందికి మొదటి సంవత్సరంలోనే శస్త్రచికిత్సగానీ, గొట్టం ద్వారా చేసే చికిత్సగానీ అవసరమవుతుంది. ఈనాడు మన రాష్ట్రంలో చికిత్సకు కొరత లేదనను గాని, నా ఉద్యోగపు తొలి రోజులతో పోల్చే పని లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పిల్లల గుండె శస్త్రచికిత్సలను పేదలకు అందుబాటులోకి తెచ్చింది. సిద్దిపేట జిల్లా కొండపాకలోని సత్యసాయి సంజీవని ఆసుపత్రిలో ఈ చికిత్స పూర్తిగా ఉచితం. 2023లో లివర్‌పూల్‌లోని ఆల్డర్ హే పిల్లల ఆసుపత్రి నుంచి డాక్టర్ దన్నపునేని రమణ బృందం వచ్చి, నిమ్స్ వైద్యులతో కలిసి పసివారికి ఉచితంగా శస్త్రచికిత్సలు చేసింది. అయితే ఆ బల్ల మీదికి చేరే బిడ్డకే ఇవన్నీ ఉపయోగం. మూడవ రోజునో, ఆరవ రోజునో ఇంట్లోనే పోయిన బిడ్డ ఏ లెక్కలోకీ రాదు.

అందుకే నా అభిప్రాయం ఇది: ప్రసూతి జరిగే ప్రతి ఆసుపత్రిలోనూ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, శిశువును ఇంటికి పంపే ముందు పల్స్ ఆక్సీమీటర్ పరీక్ష తప్పనిసరి కావాలి.

కరోనా కాలంలో ఈ పరికరం మన ఊళ్ళలో అందరికీ పరిచయమైంది. పుట్టిన 24 గంటల తర్వాత శిశువు కుడిచేతికి, ఒక పాదానికి దీనిని తగిలించి చూడాలి. రెండుచోట్లా 95 శాతం లేదా అంతకు మించి ఉండి, రెండింటి మధ్య తేడా 3 శాతం దాటకుంటే మంచిది. ఎక్కడైనా 90 కంటే తగ్గితే ఆలస్యం చేయరాదు. మధ్యస్థంగా ఉంటే గంట వ్యవధితో మళ్ళీ చూడాలి. పెద్దల వేలికి తగిలించే యంత్రం ఇందుకు పనికిరాదు. శిశువులకు ప్రత్యేకంగా చేసిన పట్టీ కావాలి. కనుక ఇది ఇంట్లో చేసుకొనే పరీక్ష కాదు.

2012లో లాన్సెట్ పత్రిక 2,29,421 మంది శిశువులపై జరిగిన 13 అధ్యయనాలను క్రోడీకరించి ప్రచురించింది. తీవ్రమైన లోపాలు ఉన్న ప్రతి వందమందిలో సుమారు 76 మందిని ఈ పరీక్ష పట్టుకొన్నది. లోపం లేని బిడ్డను పొరపాటున అనుమానించడం వెయ్యికి ఒకటి రెండు సార్లకు మించలేదు. 24 గంటల తర్వాత చేసినప్పుడు అదీ తగ్గింది. అమెరికా 2011లోనే దీనిని నవజాత శిశువులకు సిఫారసు చేసిన పరీక్షల జాబితాలో చేర్చింది.

"అనుమానం వచ్చిన బిడ్డకు ఎకో తీసేవారు ఇక్కడ ఎవరున్నారు?" అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ జగిత్యాలలోనూ, సిరిసిల్లలోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. శిశువుల గుండెకు ఎకో తీయగల వైద్యుడు అక్కడ ఎల్లప్పుడూ ఉండేలా చూడడం అసాధ్యమేమీ కాదు. పైగా ఆక్సిజన్ తగ్గడానికి న్యుమోనియా, రక్తంలో ఇన్‌ఫెక్షన్ వంటివి కూడా కారణం కావచ్చు. వాటినీ ముందుగా గుర్తించినట్లవుతుంది.

2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలలో పిల్లలను పరీక్షిస్తున్నాయి. మంచి పని. కానీ ఆ నాళం అంగన్‌వాడీ వయస్సు దాకా ఆగదు.

ఈ పరీక్షలో బాగున్నంత మాత్రాన అన్ని లోపాలూ లేవని కాదు. గుండె గదుల మధ్య రంధ్రం వంటివి దీనికి దొరకవు. పాలు తాగుతూ అలసిపోవడం, నొసట చెమట, డొక్కలు ఎగరేయడం, మాటిమాటికీ న్యుమోనియా, బరువు పెరగకపోవడం కనిపిస్తే వెంటనే వైద్యునికి చూపండి. నాలుక, పెదవులు నీలంగా మారితే 108కు ఫోన్ చేయండి. మన ప్రాంతంలో తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీల చాట ముందు ఉన్న ఇళ్ళు ఎన్నో. "ఆయనతో మాట్లాడినంక పోదాం" అని ఒక రోజు ఆగడం కూడా ప్రమాదమే. ముందు బిడ్డను కదిలించండి, ఫోన్ దారిలో చేయవచ్చు.

ఇంట్లో కాన్పు ఉన్నవారికి నా విన్నపం ఒక్కటే. ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందు, "బిడ్డ కుడిచేతికి, కాలికి ఆక్సిజన్ చూసిన్రా?" అని అడగండి. అడగడానికి మొహమాట పడకండి. ఆనాడు నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా నా చేతిలో ఆ పరికరం లేదు. నేటి వైద్యునికి ఆ సాకు లేదు.