ఇంట చేసికొను ఉబ్బురంగు

హస్తకళ యనునది పాఠములు ముగిసిన పిమ్మట మిగిలిన కాలమును పుచ్చుటకై యేర్పడిన వినోదము కాదు. కన్ను, చేయి, బుద్ధి యను మూడింటిని ఏకకాలమున పనిలో నియోగించి నేర్పు విద్యలలో నిది ముఖ్యమైనది. అట్టి విద్యకు మన నగరమున గౌరవము కొంత తగ్గుచున్నదని మాకు తోచుచున్నది. ప్రదర్శనదినము సమీపించినంతనే ఆబిడ్సు, కోఠి ప్రాంతముల అంగళ్లనుండి సిద్ధముగా నున్న నమూనాలను, పటములను కొనితెచ్చి, పిల్లవాని పేరు మాత్రము వ్రాసి బల్లపై నుంచు వాడుక ప్రబలినది. ఇంట చేసిన వస్తువులును పెక్కుమార్లు తల్లిదండ్రుల చేతిపనియే గాని పిల్లల చేతిపని గావు. ఈ వాడుకను మాన్పుటకు ఉపదేశ మొక్కటియే చాలదు. పిల్లలు తామే చేయదగినదియు, అల్పవ్యయముతో కూడినదియు, ఇతరులకు ఉపయోగపడునదియు నగు పనిని చూపవలయును. అట్టి పనులలో నొకటి ఉబ్బురంగు. దానినిగూర్చి మా యభిప్రాయములను చదువరుల ముందుంచుచున్నాము.

ఉబ్బురంగనగా, ఆరిన పిమ్మటయు కాగితముమీద గాని గుడ్డమీద గాని చదునుగా పఱచుకొనిపోక, ఉబ్బెత్తుగా నిలిచి వ్రేలికి తగులు రంగు. అంగళ్లలో దీనిని పఫీ పెయింటని పిలుతురు. ఈ యొక్క పేరుతో మూడు వేర్వేరు పదార్థములు చెలామణి యగుచున్నవి గనుక మొదట వానిని వేఱుపఱచి తెలిసికొనుట మంచిది. మొదటిది త్రీడీ ఔట్‌లైనరని పిలువబడు చిన్న గొట్టపు రంగు. ఇది వేడిచే ఉబ్బునది కాదు. చిక్కదనముచేతనే దాని గీత యెత్తుగా నిలుచును. రెండవది వేడి తగిలినపుడు ఉబ్బునది. మూడవది ఇంటిలోని సామగ్రితో మనమే కలుపుకొనునది.

రెండవ రకములోని రహస్యము విద్యార్థులు తెలిసికొనదగినది. ఆ రంగులో కంటికి విడిగా కానరానంత చిన్నవైన ప్లాస్టికు గోళములు అసంఖ్యాకముగా కలిసియుండును. ఒక్కొక్క గోళములో సులభముగా ఆవిరియగు ద్రవము బంధింపబడియుండును. వేడి సోకినపుడు గోళపు పైపొర మెత్తబడును. లోని ద్రవము ఆవిరియై ఆ పొరను బుడగవలె సాగదీయును. చల్లారినపుడు పొర మరల గట్టిపడి, పెరిగిన పరిమాణముననే నిలిచిపోవును. గోళముయొక్క వ్యాసము 3 రెట్లైనచో ఘనపరిమాణము 27 రెట్లగునని పై తరగతులవారు లెక్కించి చూచుకొనవచ్చును. రంగు అంతగా ఉబ్బుటకు కారణ మిదియే.

పేరు క్రొత్తదైనను, ఎత్తుగా తీర్చు విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. కొండపల్లి బొమ్మలు చేయువారు తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవములను అతికి రూపు దిద్దుదురు. చేర్యాల చిత్రకారులు చేయు ముఖములకును చింతగింజల ముద్దయు రంపపుపొట్టునే ఆధారము. తంజావూరు పటములలో సుద్దయు బంకయు కలిపిన ముద్దతో నగలను, మంటపములను ఎత్తుగా తీర్చి, పైని బంగారురేకు నంటింతురు. చింతగింజలతోను సుద్దతోను ఇంత పని చేసిన దేశమున, చిన్న గొట్టమొకటి అంగడిలో దొరకనిచో పని నిలిచిపోయినదని పిల్లలు చెప్పుట మాకు ఉచితముగా తోచదు.

కలుపుకొను విధములలో రెండింటిని చెప్పెదము. మొదటిది పిండిరంగు. మైదాపిండి ఒక పెద్దచెంచా, మెత్తని ఉప్పు ఒక పెద్దచెంచా, బేకింగు పౌడరు చిటికెడు కలిపి, దోసెపిండి జారునంత పలుచనగునట్లు నీరు పోసి, మిఠాయిరంగు కొన్ని చుక్కలు వేయవలయును. దీనిని దళసరి అట్టపై దిద్ది, తడిగా నున్నప్పుడే మైక్రోవేవు పొయ్యిలో 10 సెకండ్ల చొప్పున, చూచుచు వేడిచేసినచో, బేకింగు పౌడరునుండి పుట్టిన వాయువును నీటియావిరియు పిండిని ఉబ్బించును. పిండిలోని గంజి యుడికి ఆ రూపముననే గట్టిపడును. రెండవది నురుగురంగు. గడ్డము గీసికొనుటకు వాడు నురుగును, తెల్లని జిగురును సమభాగములుగా తీసికొని, రంగు చేర్చి, మెల్లగా కలుపవలయును. గట్టిగా చిలికినచో బుడగలు పగిలి రంగు చదునగును. దీనికి పొయ్యితో పనిలేదు. జిగురు ఆరుచు బుడగలచుట్టు సన్నని పొరగా నేర్పడి నురుగును నిలుపును. ఈ రెండును కాగితమునకు, అట్టకు మాత్రమే తగినవి. ఉతుకవలసిన గుడ్డపై నివి నిలువవు.

రంగును పెట్టుటకు కుంచెకంటె కోను మేలు. మన నగరపు బాలికలకు మెహందీ కోను చుట్టుట వెన్నతో పెట్టిన విద్య. ఆ కోనులోనే ఈ రంగును నింపి, మొనను కొంచెముగా కత్తిరించి, సమమైన ఒత్తిడితో గీత లాగినచో గీత యంతటను ఒకే యెత్తున వచ్చును. బాలురును ఈ విద్యను తమ అక్కచెల్లెండ్రవద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడనక్కఱలేదు.

పనియంతయు చెడునది ఆరబెట్టునప్పుడే. ఎత్తుగా పెట్టిన రంగులో పైభాగము ముందుగా ఆరి పొరకట్టును. లోపల తడి మిగిలియుండును. అట్టి దానిని మండుటెండలో నుంచినచో పైపొర త్వరితముగా కుదించుకొని బీటలు వాఱును. కావున గాలి యాడు నీడలో, చదునైన బల్లపై, ఎవరును ముట్టకుండ నుంచవలయును. నురుగురంగు దళసరిగా నున్నచో ఒక రాత్రియంతయు, కొన్నిమార్లు పూర్తిగా ఒక దినమును పట్టును. జనవరి మాసపు పొడిగాలిలో త్వరగా ఆరు పని శ్రావణమాసపు ముసురులో ఆలసించుట సహజము. పిండిరంగునకు వర్షకాలము మఱింత ప్రతికూలము. ఏలయన దానిలోని ఉప్పు గాలినుండి తేమను పీల్చుకొనును, పిండికి బూజు పట్టును, పురుగులును చేరును. దీర్ఘకాలము నిలువవలసిన పనికి జిగురు గల రంగే తగినది.

వేడిచే ఉబ్బు రంగును గుడ్డపై వాడువారు మొదట గుడ్డను ఉతికి గంజి పోగొట్టవలయును. రంగు పూర్తిగా ఆరిన తరువాతనే వేడి చూపవలయును. లోపల తడి యున్నప్పుడు వేడి చూపినచో పొంగు సమముగా రాదు. గుడ్డను తిరగవేసి వెనుకవైపునుండి ఇస్త్రీపెట్టె వేడిని తగిలింపవలయునే గాని రంగుమీద పెట్టెను మోపరాదు. అటుపిమ్మట మూడు దినములైన గడచినగాని ఉతుకకుండుట క్షేమము. ఉతుకునప్పుడును తిరగవేసి, చేతితో, చల్లని నీట ఉతుకవలయును. నిదానమే ప్రధానమని పెద్దలు చెప్పు మాటకు ఇంతకంటె మంచి పాఠము తరగతిగదిలో దొరకుట యరిది. పెరికి చూచినవాని గీత చెడును. ఓర్చినవాని గీత నిలుచును. ఇందు ఉపాధ్యాయుని దండన గాని మెప్పు గాని అవసరము లేదు. పనియే తీర్పు చెప్పును.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. పొయ్యియు ఇస్త్రీపెట్టెయు పెద్దలు దగ్గఱనుండి వాడింపవలసినవి. నురుగు డబ్బాలో మండు స్వభావముగల వాయువు ఒత్తిడితో నింపబడియుండును గనుక దానిని పొయ్యికి దూరముగా నుంచవలయును. రంగు పలుచనచేయుట కని స్పిరిటు, థిన్నరు మొదలగు ద్రవములను ఇంట నిలువచేయరాదు. పైన చెప్పిన రంగులకు నీరే చాలును. 2023 నవంబరు 13న నాంపల్లి బజారుఘాటులో ఒక నివాసభవనపు క్రిందిభాగమున నిలువయున్న రసాయనములకు నిప్పంటుకొని పలువురు మరణించిన సంగతి ఈ ప్రాంతమువారు మఱచిపోరానిది. పిండిరంగు తినుబండారమువలె కానవచ్చినను తినదగినది కాదని పసిపిల్లలకు ముందే చెప్పవలయును.

ఇక ముఖ్యమైన ప్రశ్నకు వత్తము. ఈ రంగుతో నేమి చేయవలయును? పువ్వులు, సీతాకోకచిలుకలు, శుభాకాంక్షల కార్డులు చేయుట మంచిదే. పండుగకు స్వహస్తముతో చేసిన కార్డును అందుకొనువారి యానందమును మేము తక్కువ చేయము. కాని ఎత్తైన గీతకు అలంకారముకంటె గొప్ప ప్రయోజన మొకటి గలదు. అది కన్నులు లేనివారికి వ్రేళ్లద్వారా చదువు చెప్పగలదు.

లూయీ బ్రెయిలు అను అంధుడు తన చుక్కల లిపిని 1829లో ప్రకటించెను. 1887లో ఆనీ షార్పు అను మిషనరీ వనిత అమృతసరమున అంధులకై పాఠశాల నెలకొల్పెను. 1951లో భారతదేశపు భాషలన్నింటికిని సామాన్యమైన భారతీ బ్రెయిలు ఏర్పడినది. తెలుగుకూడ నిప్పుడు దానియందే వ్రాయబడుచున్నది. అయినను అక్షరములు చుక్కలచే తెలియునే గాని, నది వంపును, త్రిభుజపు ఆకారమును, పుష్పభాగముల అమరికను తెలుపుటకు పటము కావలయును. అందులకై ఉబ్బుకాగితమను ప్రత్యేక కాగితము గలదు. దానిపై నల్లగీతలు గీసి, వేడిచేయు యంత్రమున నడిపినచో, నలుపు వేడిని ఎక్కువగా పీల్చుటచే గీతలు మాత్రమే పైకి లేచును. పైన వర్ణించిన గోళముల సూత్రమే యిందును గలదు. ఆ కాగితమును యంత్రమును ప్రతి పాఠశాలకును సమకూరుట కష్టము. అట్టముక్క, జిగురు, కోను మాత్రము ఏ పాఠశాలకైనను సమకూరును.

కావున మేము చేయు సూచన యిది. ఒక్కొక్క తరగతివారు ఏడాదికి ఒక ఉబ్బుపటమును శ్రద్ధతో చేయవలయును. ఒకరు ఆబిడ్సునుండి నాంపల్లి స్టేషనుమీదుగా పబ్లికుగార్డెన్సు వఱకు గల దారిని చేయవచ్చును. అందు నాంపల్లి, గాంధీభవను, అసెంబ్లీ మెట్రోస్టేషనులను మూడు వేర్వేరు ఆకారములతో గుర్తింపవచ్చును. మఱియొకరు గోదావరీకృష్ణలతో తెలంగాణమును, వేఱొకరు క్షేత్రగణితపు ఆకృతులను చేయవచ్చును. గీతలు తక్కువగాను, ఒకదానికొకటి ఎడముగాను ఉండవలయును. కంటికి నిండుగా నున్న పటము వ్రేలికి గజిబిజిగా నుండును. నదికి అలలగీత, రైలుదారికి జంటగీత, సరిహద్దునకు చుక్కలు వాడినచో తేడా తెలియును. బ్రెయిలు అక్షరములను మాత్రము ఈ రంగుతో వ్రాయ సాహసింపరాదు. ఏలయన అందలి చుక్కల నడుమ దూరము రమారమి 2.5 మిల్లీమీటర్లు, ఎత్తు రమారమి అర మిల్లీమీటరు. చేతికోనుతో అంత నియమము కుదురదు.

పటము ముగిసిన పిమ్మట చేసినవారు కన్నులు మూసికొని వ్రేలితో చదివి పరీక్షించుకొనవలయును. కాని తుదితీర్పు వారిది కాదు. చూపులేని విద్యార్థుల చేతికిచ్చి, ఏది తెలిసినది, ఏది తెలియలేదని వారినే అడిగి, వారు చెప్పినట్లు దిద్దవలయును. మన నగరమున బేగంపేటలో దేవనార్ అంధుల పాఠశాల వంటి సంస్థలున్నవి. అట్టి సంస్థల యనుమతితో వారి సలహాను పొందుట మన పిల్లలకు గొప్ప విద్య. దానము చేయుచున్నామను గర్వము ఇందు చోటుచేసికొనరాదు. పటములోని తప్పులను చూపువారే మనకు గురువులు.

ఈ పనులవలన పరీక్షలలో మార్కులు పెరుగవని కొందఱు తల్లిదండ్రులు ఆక్షేపింతురు. వారి యాతురత మాకు తెలియనిది కాదు; పిల్లల భవిష్యత్తుకై వారు పడు శ్రమయు తెలియును. అయినను ఒక నదీపటమును స్వహస్తముతో ఎత్తుగా తీర్చిన బాలుడు ఆ నది పుట్టుకను, మలుపులను, ఉపనదులను మఱవడు. వేడికి వాయువు వ్యాకోచించునను వాక్యమును వల్లించినవానికంటె, ఆ వ్యాకోచమును తన అట్టపై కన్నారచూచినవానికి అది బాగుగా మనసునకెక్కును. వారమునకు ఒక గంట యిందులకు వినియోగించినచో చదువునకు నష్టము రాదు.

నాంపల్లి నుమాయిషు 1938లో పబ్లికుగార్డెన్సున మొదలైనప్పుడు, మన దేశమువారు చేసిన వస్తువులను జనులకు చూపుటయే దాని యుద్దేశము. ఆ ప్రదర్శన ఆదాయము విద్యాసంస్థల పోషణకు వినియోగపడుచుండుట ఈ పేటకు గర్వకారణము. చేసినదానిని చూపుట ప్రదర్శన. కొన్నదానిని చూపుట అంగడి. మన పాఠశాల ప్రదర్శనలు మొదటి తెగలో చేరవలయునని మా కోరిక. వచ్చు సంవత్సరపు వార్షికోత్సవమున గోడకు వ్రేలాడదీసిన పటములతోపాటు, బల్లపై పఱచి వ్రేళ్లతో చదువదగిన పటము లొకటి రెండైనను ఉండునని, వాని గీతలు కొంత వంకరగా నున్నను పిల్లల చేతివే యగునని ఆశించుచున్నాము.